పొగ రంగు

అమ్మ సంచీ బంగారు రంగుది.
నిన్న సాయంత్రం దాకా
ఇందులో వాదనేమీ లేదు.

డండీలో నవంబరు. నాలుగింటికే చీకటి.
టే నది మీంచి లేచిన మంచు
వంటింటి కిటికీకి తడిగుడ్డలా అంటుకుంది.
బల్ల మీద పాత పేపరు పరిచి
దాని మీద హ్యాండ్‌బ్యాగ్ పెట్టాను,
సూది మందుకి లొంగిపోయిన ముసలి పిల్లిలా ఉంది.

నాలుగు మూలలూ తెల్లబోయి ఉన్నాయి.
పిడి దగ్గర మెరుపంతా రాలిపోయి
కింద తోలు, మామూలు తోలు,
చొక్కా విప్పిన మనిషిలా బయటపడింది.
"కొత్తది కొంటానమ్మా" అన్నాను.
జనపనార మిల్లులో మగ్గాల మోతకి
ముప్ఫై ఏళ్లు చెవులప్పగించిన మనిషి
నా పెదాలు చదివి,
తన పెదాలతోనే, చప్పుడు లేకుండా
ఒక మాట అంది.
అది ఇక్కడ రాయను.

గురువారం బింగో. ఈ సంచీ లేకుండా వెళ్లదు.
పొద్దస్తమానం గోనె నేసిన చేతులు
మొదటి బోనసుతో కొన్న
ఒకే ఒక్క మెరిసే వస్తువు.
బరువైనదేదీ అందులో పెట్టి ఎరగదు.
లిప్‌స్టిక్కు, బస్సు చిల్లర, సిగరెట్ పెట్టె.

రంగుల దుకాణం కుర్రాడు చెప్పాడు:
పాత పూత తియ్యకుండా కొత్తది నిలవదని.
అసిటోన్‌లో దూది ముంచి తుడిచాను.
మొదటి ఉండ డికాషన్‌లా వచ్చింది.
రెండోది ఇంకా చిక్కగా.
మూడోదానికి గది నిండా
మూతపడ్డ బింగో హాలు వాసన.
నాలుగో ఉండ కింద

వెండి.

నమ్మలేక మూత ఎత్తి చూశాను.
గుండీ కింద, గాలీ వెలుగూ సోకని చోట,
గోరంత మేర
అచ్చమైన తెల్లని వెండి,
దుకాణం గాజు తలుపు దాటిన రోజు ఎలా ఉందో అలాగే.

నా చిన్నప్పటి బంగారమంతా
సిగరెట్ పొగ అన్నమాట.
ఆమె మానేసి పదేళ్లయింది.
సంచీ మానలేదు.

దూది చూపించాను.
వాసన చూసింది. తల అడ్డంగా ఊపింది.
"బంగారమే. బంగారానికే డబ్బులిచ్చాను."
కాసేపాగి,
"ఆ పొగ సెంగాది. నాది కాదు."

నేను కొన్న గోల్డ్ డబ్బా మూత తీసి చూస్తే
చాక్లెట్ చుట్టిన కాగితంలా తళతళమంది.
ఆ బంగారం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.
మళ్లీ వెళ్లి వెండి రంగు తెచ్చాను.
సీసా మూతల్లో పోసి
ఒక్కో దాంట్లో పసుపు ఒక చుక్క, మట్టిరంగు ఒక చుక్క,
ఇంకొంచెం, ఇంకొంచెం.
ఇది నేను బళ్లో చేరిన ఏడు.
ఇది మిల్లుకి తాళం పడ్డ ఏడు.
ఇది నాన్న పోయిన చలికాలం, మరీ ముదురు,
పక్కకి నెట్టేశాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని
చిటికెన వేలితో నాలుగో మూత చూపించింది.
ఏ ఏడాదని నేను అడగలేదు.

లోపల పేపర్లు కుక్కి, గుండీకి టేపు అంటించి,
స్పాంజితో పల్చగా అద్దాను.
ఆరనిచ్చి, మళ్లీ పల్చగా.
తొందరపడితే ముడతల్లో పగుళ్లొస్తాయి.
నేను తొందరపడ్డాను. అప్పటికే బుధవారం రాత్రి.
మూత కింద గోరంత వెండిని మాత్రం
ముట్టుకోలేదు.

గురువారం పదకొండు పౌన్లు గెల్చుకుని వచ్చింది.
బస్టాపులో సెంగా "కొత్తదా ఇష్బెల్?" అందట.
ఏం చెప్పావంటే
"నీ చలవే అన్నాను" అంది.

తర్వాత సంచీ నా ముందు పెట్టింది.
పిడి మీద పూత ఆరకముందే పట్టుకెళ్లింది కదా,
నాలుగు వేళ్ల ముద్రలు
గీతలతో సహా దిగబడి ఉన్నాయి.
"మర్డో, ఆ నాలుగో మూతలో రంగు
ఇంకా ఉందా?" అని పెదాలు కదిలాయి.

కడిగేశాను.